ప్యాకేజీలో చావు లేదు

పరుపుల చాంద్ బాషా మక్కాలో చనిపోవాలని నిర్ణయించుకున్నాడు. ఈ సంగతి చెప్పేసరికి భార్య సుల్తాన్ బీ వంటింటి గుమ్మంలో కూర్చుని చేపలు తోముతోంది.

"ఎప్పుడు?" అంది తలెత్తకుండా.

"వచ్చే నెల ఉమ్రా యాత్రకి వెళ్తున్నాంగా. అప్పుడు."

"అయితే ఈ చేపలు తినే పోతావులే."

తెనాలిలో చాంద్ బాషా కుట్టిన పరుపు మీద పడుకోని పాత కుటుంబం ఉండదు. డెబ్భై దాటినా మనిషి ఇంకా గట్టిగానే ఉన్నాడు. బీపీ లేదు, షుగరు లేదు, మోకాళ్లు మాత్రం మెట్లెక్కేటప్పుడు కాస్త సణుగుతాయి. అలాంటివాడికి చావు మీద మోజు పుట్టడానికి కారణం మసీదు దగ్గర ఎవరో చెప్పిన మాట. మక్కాలో పోయినవాడి జనాజా నమాజును, అంటే ఖననానికి ముందు చేసే ఆఖరి ప్రార్థనను, కాబా ముందు లక్షలమంది చదువుతారట. ఆ లక్షలు ఆయన బుర్రలో దూరి బైఠాయించాయి.

"ఇక్కడ పోతే ఎవరొస్తారే? వీధిలోవాళ్లు, కొట్టు దగ్గరవాళ్లు. వాళ్లలో సగంమంది ఫోన్లు చూసుకుంటూ నడుస్తారు. అక్కడైతే లక్షలు!"

"ఆ లక్షల్లో నీ పేరు తెలిసినోడు ఒక్కడన్నా ఉంటాడా?"

"అల్లాకి తెలిస్తే చాలదా?"

"మరి అల్లాకి తెనాలి తెలీదా?" అని సుల్తాన్ బీ చేపల పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆవిడతో కాదని ఆయన ట్రావెల్స్ షఫీ దగ్గరికి వెళ్లాడు. ఏటా ఊళ్లోవాళ్లని ఉమ్రాకి తీసుకెళ్లి తీసుకొచ్చేది అతనే. షఫీ అంతా విని గడ్డం గోక్కున్నాడు.

"చాచా, మన ప్యాకేజీలో విమానం ఉంది, హోటలుంది, మూడు పూటలా మనవైపు భోజనం ఉంది. చావు లేదు."

"ఎగస్ట్రా ఏమన్నా అవుద్దా?"

పెద్దాయన వేళాకోళానికి అనడం లేదని షఫీకి అప్పుడు అర్థమైంది. కూర్చోబెట్టి వివరంగా చెప్పాడు. అక్కడెవరైనా పోతే ఇంట్లోవాళ్లనే అడుగుతారు. అక్కడే ఖననం చేయమంటే సరే, త్వరగా అయిపోతుంది. ఇంటికి పంపమంటే మాత్రం చాలా తతంగం. శవం చెడకుండా మందు పెట్టాలి, పెట్టెలో పెట్టాలి, మన కాన్సులేటు వాళ్లు ఒప్పుకోవాలి, ఆపైన కార్గోలో ఎక్కించాలి. ఏదైనా ముందు పిల్లల మాట కావాలి.

ఆ మాట తీసుకోవడానికే చాంద్ బాషా ఆదివారం పిల్లలిద్దరినీ పిలిపించాడు. కొడుకు రఫీ బాపట్ల నుంచి వచ్చాడు. అతనికక్కడ సెల్ ఫోన్ల షాపుంది. కూతురు ఆసియా రేపల్లె నుంచి వచ్చింది, వస్తూనే ఏడుపు మొదలుపెట్టింది.

"ఇక్కడుంటే రేపల్లెలో ప్యాసింజరెక్కి వచ్చి, ఖబరస్తాన్ గేటు దగ్గర నిలబడి నీకోసం ఫాతిహా చదువుకుంటాను నాన్నా. మక్కాకి ఏ ప్యాసింజరుంది?"

"దువాకి ప్యాసింజరెందుకమ్మా? ఎక్కడ చదివినా చేరుద్ది."

రఫీ తండ్రి వైపే మాట్లాడాడు. వాళ్ల వీధిలో ఒకాయన కువైట్‌లో పోతే పెట్టె వచ్చేసరికి ఇంట్లోవాళ్ల కళ్లు ఎండిపోయాయట. పెట్టె తెరవొద్దన్నారట. "ఆ నరకం మనకొద్దు. నాన్న కోరుకున్నట్టే కానిద్దాం" అన్నాడు. ఆసియా అన్నని తిట్టింది. రఫీ చెల్లెలికి సర్దిచెప్పాడు. చాంద్ బాషా మధ్యలో కూర్చుని, అప్పుడే సగం పోయినవాడిలా ప్రశాంతంగా టీ తాగాడు.

వాళ్లందరికీ ఆ టీలు అందిస్తూ సుల్తాన్ బీ ఒక సంగతి గమనించింది. విమానంలో రెండు సీట్లున్నాయి. ఇంతసేపూ మాట్లాడింది ఒక సీటు గురించే.

"నేనూ వస్తున్నాగా. ఒకవేళ నేను పోతేనో?" అంది.

ముగ్గురూ ఆవిడవైపు చూశారు.

"నువ్వెందుకు పోతావే?" అన్నాడు చాంద్ బాషా, తనని అడక్కుండా ఎక్కడికో టికెట్ తీసిందన్నట్టు.

ప్రయాణానికి ముందు ఆయన బజారంతా తిరిగి అందరి దగ్గరా చేతులు పట్టుకుని క్షమాపణ అడిగాడు. యాత్రకెళ్లేవాళ్లందరూ చేసే పనే. కాకపోతే ఈయన కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడు. బియ్యం కొట్టు సుబ్బయ్య మాత్రం ఏమీ కరగలేదు. "అదంతా సరే బాషా, మా రెండు పరుపులు పోయే ముందు ఇస్తావా, పోయాక ఇస్తావా?" అన్నాడు.

మక్కా చేరాక చాంద్ బాషా వయసు పదేళ్లు తగ్గింది. కాబా చుట్టూ కుర్రాళ్లతో సమానంగా తిరిగాడు. మోకాళ్లు కూడా నోరు మూసుకున్నాయి. రెండు పూటలా బిర్యానీ కుమ్మేశాడు. రోజూ వేకువనే కళ్లు తెరిచి, "ఇవాళా లేచాను" అని కాస్త చిన్నబుచ్చుకునేవాడు.

"నిద్రలో అంత గురక పెడితే ప్రాణాలు తీసే ఇజ్రాయీల్ దగ్గరికెలా వస్తాడయ్యా? హడలిపోడూ?" అనేది సుల్తాన్ బీ.

ఆ మాట అంటుండగానే దగ్గొచ్చేది ఆవిడకి. ఎండలో తిరిగొచ్చి ఏసీ కింద కూర్చోవడం, ఆపైన చల్లటి నీళ్లు. దగ్గు జ్వరమైంది, జ్వరం ఆయాసమైంది. షఫీ ఆసుపత్రిలో చేర్పించాడు. న్యుమోనియా అన్నారు. ముక్కుకి గొట్టం, చేతికి సూది పెట్టి పడుకోబెట్టారు.

మర్నాటి మధ్యాహ్నం మగతలో ఆవిడకి మంచం పక్కన మాటలు వినిపించాయి.

"ఒరే షఫీ, ఇక్కణ్ణించి తెనాలికి పంపాలంటే ముందు ఎవరిని పట్టుకోవాలి?"

"చాచా, డాక్టరు న్యుమోనియా అన్నాడు. పోయిందన్లేదు."

"కనుక్కుని ఉంచుకుంటే తప్పేంట్రా? ఆ కాన్సులేటు, ఆ పెట్టె... నేనూ అదే విమానంలో ఎక్కొచ్చా?"

"అయినా పంపడమెందుకు? అంతదాకా వస్తే ఇక్కడే కాబా ముందు నమాజు అవుద్ది. మీరు కోరుకుంది అదేగా?"

"అది నాకురా! ఈవిడకిక్కడ ఎవరున్నారు? భాష రాదు, ఉర్దూ కూడా అంతంతమాత్రం. మట్టిలో పెట్టాక దైవదూతలొచ్చి ప్రశ్నలడుగుతారు. అరబ్బీలో అడిగితే ఏం చెబుద్ది?"

"తెనాల్లో అయితే తెలుగులో అడుగుతారా చాచా?"

చాంద్ బాషా కళ్లు తుడుచుకున్నాడు. "ఏమోరా. ఒక్కదాన్ని ఇక్కడ వదిలేసి నేను విమానమెక్కలేను" అన్నాడు.

సుల్తాన్ బీ కళ్లు తెరిచింది. ముక్కు దగ్గర గొట్టం ఒక పక్కకి జరిపింది.

"ఏమయ్యా! నీకైతే జన్నత్, నాకైతే కార్గోనా?"

షఫీ నవ్వు ఆపుకోలేక బయటికి పరిగెత్తాడు. చాంద్ బాషా మాత్రం నవ్వలేదు. ఎర్రబడ్డ కళ్లతో వచ్చి మంచం అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"అది కాదే. నువ్విక్కడ ఉండిపోతే, తెనాల్లో ఆ ఇంట్లో నేనేం చెయ్యను?"

"నువ్విక్కడ ఉండిపోతే నేనేం చేస్తాననుకున్నావు?"

చాంద్ బాషా ఇన్నాళ్లూ అన్నీ లెక్కేసుకున్నాడు. లక్షలమంది సంగతి ఆలోచించాడు, శవానికి చుట్టే కఫన్ గుడ్డ సంగతి ఆలోచించాడు, కాన్సులేటు సంగతి కూడా ఆలోచించాడు. పొద్దున్నే రెండు గ్లాసుల టీ పెట్టి, ఒకటి అలాగే చల్లారిపోతుంటే చూస్తూ కూర్చునే మనిషి సంగతి మాత్రం ఆయన లెక్కలోకి రాలేదు.

"పిల్లలున్నారు కదా అని..." అన్నాడు చివరికి.

"నీకూ ఉన్నారు పిల్లలు."

ఆవిడ గొట్టం మళ్లీ ముక్కుకి పెట్టుకుంది. ఇన్నాళ్ల కోపం ఒక్క మాటతో దిగిపోయినందుకు ఆవిడకే ఆశ్చర్యమేసింది. "కూర్చో. నిలబడితే మోకాళ్లు లాగుతాయి" అంది. ఆయన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. నర్సు వచ్చి, సూది కదులుతోందని అరబ్బీలో కసిరింది. ఇద్దరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు.

సుల్తాన్ బీ కోలుకుంది. మిగతావాళ్ల కంటే వారం ఆలస్యంగా తెనాలి చేరారు. ఆసియా తల్లిని పట్టుకుని ఏడ్చి, తండ్రిని పట్టుకుని ఇంకోసారి ఏడ్చింది. సుబ్బయ్య వీధిలోనుంచే "వచ్చాడా?" అని కేకేసి, వచ్చాడని తెలిసి నిశ్చింతగా వెళ్లిపోయాడు.

చాంద్ బాషా మళ్లీ పిల్లల్ని కూర్చోబెట్టాడు. ఎవరు ముందు పోయినా ఎవరినీ ఎక్కడికీ పంపక్కర్లేదని, ఇద్దరికీ తెనాలి ఖబరస్తాన్‌లోనే తన తల్లి పక్కన చోటు చూడమని చెప్పాడు.

"ఈసారన్నా నన్నడుగుతారా?" అంది సుల్తాన్ బీ.

"అడుగుతున్నా. చెప్పు."

"మీ అమ్మ పక్కన మాత్రం వద్దు. ఆవిడ బతికినన్నాళ్లూ ఆ గొంతు విన్నది చాలు. నాకు బాపట్ల కావాలి. మా అమ్మానాన్నా అక్కడే ఉన్నారు."

చాంద్ బాషా మక్కా కోసం తెనాలిని వదులుకోవడానికి సిద్ధపడ్డవాడే, బాపట్ల అనేసరికి గిలగిల్లాడాడు. ఒక రోజంతా అలిగాడు. మర్నాడు తనే రైలు టికెట్లు తీసుకొచ్చాడు.

బాపట్లలో, ఆడవాళ్లు లోపలికెళ్లరు గనక, సుల్తాన్ బీ ఖబరస్తాన్ గేటు బయట వేపచెట్టు నీడన నిలబడింది. చాంద్ బాషా, రఫీ కమిటీ పెద్దతో లోపలికెళ్లారు. ఇసుక నేల, సముద్రం గాలి. పెద్దాయన చేతికర్రతో అటూ ఇటూ చూపించాడు.

"రిజర్వేషన్లేం లేవండి. ఎవరు ముందొస్తే వాళ్లకి ముందు చోటు."

"మా ఆవిడ ఈ ఊరి ఆడపిల్లండి. మరి నా సంగతి? నాది తెనాలి."

పెద్దాయన కర్రని నేలకి ఆనించి ఆయన్ని పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఊరి అల్లుడికి చోటు లేదంటామా అండీ?"

చాంద్ బాషా మీసం మెలేసుకుంటూ బయటికొచ్చాడు. డెబ్భై దాటాక మళ్లీ అల్లుడైనందుకు నడక కూడా మారింది.

"ఏమన్నారు?" అంది సుల్తాన్ బీ.

"తొందరేం లేదన్నారు" అని, ఎండ పడకుండా ఆవిడ తల మీద చెంగు సరిచేసి, ఆటో కోసం రోడ్డు వైపు చెయ్యూపాడు.