అయిదో గ్రూపు మబ్బు

కుందూ నది పొంగి నీళ్లు ఊర్లోకొచ్చి అప్పటికి అయిదేండ్లు. ఆ పొద్దు నీళ్లు కాలేజీలో నడుముల దాకా నిలబడి తీసినాక కెమిస్ట్రీ ల్యాబులో మిగిలినవి రాతిబల్లలు, పైఅరలో సీసాలు, ఏసేపు. డిస్టిల్డ్ వాటర్ తీసే గాజు సామాను పగిలిపోయింది, మళ్లీ ఎవురూ కొనలేదు. మూడేండ్లకు కెమిస్ట్రీ సారు శేషన్న రిటైరయి పోయినాడు. ఆయన జాగాలోకీ ఎవురూ రాలేదు.

ఏసేపు అటెండరు. చదివింది మూడో తరగతి. ముప్పై ఏండ్లు సారు పక్కన నిలబడి గాజుగొట్టాలు కడిగి, యాసిడ్లు కలిపి ఇచ్చిన మనిషి. సీసా మీది ఇంగ్లీషు చదవలేడు గానీ, మూత తీసి చూస్తే లోపలుండేది ఏ ఉప్పో చెప్పగలడు. మాటలకు మాత్రం కరువు. "ఊ" అంటే ఔను, "ఊహూ" అంటే కాదు. అంతకు మించి ఆయన నోట్లోంచి ఒక మాట రావాలంటే పిల్లోళ్లు పుణ్యం చేసుకోని ఉండాల.

సారు పోయినాక ఈ రెండేండ్లూ ల్యాబు నడిపింది ఆయనే. రిజిస్టరులో సంతకం బాటనీ మేడం శివకుమారిది, పని ఏసేపుది. ప్రిన్సిపాలుకు తెలుసు, అందరికీ తెలుసు. తెలిసీ ఎవురూ ఏమీ అనరు. అంటే క్లాసు ఎవురు చెప్పాల?

సైన్సు గ్రూపులో రెండో సంవత్సరం పిల్లోళ్లు ఆరుమంది. వాళ్లలో రెజీనా మీద ఏసేపుకు నమ్మకం. వాళ్లమ్మ విశ్వాసమ్మ మిరపకాయలు కోసే కూలికి పోతుంది. కడపలో నర్సింగు సీటు ఉండాదని పాస్టరు మాట్లాడి పెట్టినాడు. అయితే ఆ నర్సింగు కాలేజీవోళ్లు ఒక మెలిక పెట్టినారు. కెమిస్ట్రీ ప్రాక్టికల్‌లో ముప్పైకి ఇరవై అయిదు రావాల, ఒక్కటి తగ్గినా సీటు ఇంకొకరికి.

ఆ ముప్పైలో పది మార్కులు ఉప్పుకే. పేరు చెప్పకుండా చిటికెడు పొడి ఇస్తారు, దాంట్లో ఏ లోహముందో కనుక్కోవాల. నీళ్లలో కరగదీసి ఒక్కో మందూ పోసుకుంటా, ఒకటో గ్రూపు నుంచి ఆరో గ్రూపు దాకా బావి మెట్లు దిగినట్టు దిగాల. ఏ మెట్టు కాడ నీళ్లు మబ్బు పడితే ఆ లోహం దొరికినట్టు. అయిదులో తెల్లమబ్బు పడితే అది సున్నం జాతి, కాల్షియం. ఏమీ పడకపోతే ఆరుకు దిగాల, ఆడ మెగ్నీషియం.

చిక్కంతా కాలేజీ బోరుతోనే. ఆ నీళ్ల నిండా సున్నమే, బిందెలో వారం ఉంటే చాలు, అడుగున తెల్లగా పట్టు కడతాయి. ఏ ఉప్పు కరగదీసినా అయిదు కాడ మబ్బు పడేది. శేషన్న సారే ఉపాయం చెప్పిపోయినాడు.

"ఆ మబ్బు మన బోరుది ఏసేపూ, ఉప్పుది కాదు. కాల్షియం ఉప్పు ఈడ ఎవురికీ ఇయ్యొద్దు. అయిదులో ఏమొచ్చినా పట్టించుకోకుండా ఆరుకు పొమ్మను."

ఏసేపు అట్లనే చెప్పినాడు. రెజీనా ఆ మాట రికార్డు బుక్కు వెనక అట్టమీద ఎర్రసిరాతో రాసుకునింది. నవీన్ అనేవాడు మాత్రం, "ఇన్ని మెట్లు దిగితే నా మోకాళ్లు పోతాయి తాతా," అని కిటికీ కాడ కూచోని కునుకు తీసేవాడు.

పరీక్షలు ఎప్పుడూ కాలేజీలోనే, ఆ బోరు నీళ్లతోనే జరిగేవి. ఈ సారి మాత్రం, పిల్లోళ్లు తక్కువ ఉండే కాలేజీలన్నీ బనగానపల్లెకు పోయి రాయాలని కాగితమొచ్చింది. ఏసేపు ఆరుమందిని బస్సెక్కించి, రికార్డులు సంచిలో వేసుకోని తోడు పోయినాడు.

ఆడి ల్యాబు అద్దం లెక్క ఉండాది. పిల్లోళ్లు లోపలికి పోయి చీటీలు తీసినారు. ఏసేపు రికార్డులు అప్పజెప్పి వరండాలోకొచ్చినాడు. గోడవార తెల్ల క్యాన్లు వరసగా పెట్టినారు. ఆడి అటెండరు బసవరాజు ఒకటి భుజానికెత్తుకుంటాన్నాడు.

"తాగే నీళ్లా?" అన్నాడు ఏసేపు.

"తాగుతావా? తాగితే పేగులు గూడా తెల్లబడతాయి. బ్యాటరీల్లో పోసే నీళ్లప్పా ఇవి. డిస్టిల్ వాటరు. మా సారు బోరు నీళ్లు ముట్టనియ్యడు."

ఏసేపు క్యాను మూతి కాడ కారిన చుక్క వేలికి అద్దుకోని నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పన లేదు, చవుడు లేదు, ఏమీ లేదు. బసవరాజు క్యాను లోపల పెట్టి ఖాళీ చేతులతో తిరిగొచ్చే దాకా ఆయన అట్లనే నిలబడినాడు. ఈ నీళ్లకు అయిదులో మబ్బు పడదు.

కిటికీ కాడికి పోయినాడు. ఊచల్లోంచి రెండో బల్ల కాడ రెజీనా కనపడింది. గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకునింది. గొట్టంలో తెల్లగా, పాలు విరిగినట్టు గడ్డ కట్టింది. ఇంత చిక్కన మబ్బు ఆ నీళ్లకు రాదు. ఉప్పుకే రావాల.

ఆ పిల్ల దాన్ని చూసి చిన్నగా నవ్వుకునింది. నన్ను మోసం చేస్తావా అన్నట్టు తల ఆడించి, గొట్టాన్ని పక్కన పెట్టి ఆరో గ్రూపు సీసా అందుకునింది. ఆరులోనూ తెల్లగా వస్తుంది. కాల్షియానికి గూడా ఆ మందు తెల్లగానే ఇస్తుందని ఏసేపుకు తెలుసు. ఆ పిల్లకు తెలీదు, ఆయన చెప్పలేదు. చెప్పే పని ఎప్పుడూ పడలేదు.

తలుపు కాడికి ఉరికినాడు. పరీక్ష చేయను వచ్చిన సారు అడ్డమొచ్చినాడు.

"ఎవరు నువ్వు?"

"సార్... నీళ్లు... నీళ్లు సార్..."

"దాహమా పెద్దాయనా? వరండా చివర కుండ ఉంది, పో."

"అది కాదు సార్. మా పాప..."

"పరీక్షలో మాటలేంటి? బసవరాజూ, ఈయన్ని కూర్చోబెట్టు."

బసవరాజు రెక్క పట్టుకోని బెంచీ మీద కూచోబెట్టినాడు. ముప్పై ఏండ్లు దాచుకున్న మాటలన్నీ ఆ పొద్దు అక్కరపడినాయి. ఒక్కటీ నోటికి రాలేదు.

పిల్లోళ్లు బయటికొచ్చినాక సారు కాగితాలు సర్దుకుంటాంటే పోయి బల్ల ముందర నిలబడినాడు. ఒక్కో మాటా తవ్వి తీసినట్టు చెప్పినాడు. బోరు, మబ్బు, వదిలెయ్యమన్న మాట.

సారు కండ్లద్దాలు తీసినాడు. "ఆ అమ్మాయికి ఇది చెప్పింది ఎవరు?"

"నేనే సార్."

"మీ లెక్చరర్?"

"లేడు సార్. రెండేండ్లయింది."

సారు రెజీనా కాగితం బయటికి తీసి చూసినాడు. "చేతిపని చక్కగా చేసింది. నేనే చూశాను. కానీ మెగ్నీషియం అని రాసింది. దానికి పది ఎట్లా వేసేది? ల్యాబు నడిపింది అటెండరని పైకి రాస్తే ముందు పోయేది నీ ఉద్యోగం, ఆ వెనక మీ ప్రిన్సిపాలుది. ఆ పాపకు మాత్రం ఒక్క మార్కు కలవదు."

"నాది పోనీ సార్."

"పోతే ఏం లాభం అంటున్నా." ఆయన గొంతులో కోపం లేదు. ఏసేపు రికార్డుల సంచి భుజానికేసుకోని బయటికొచ్చినాడు.

బస్సులో పిల్లోళ్లు సంబరంగా ఉన్నారు. "నాకు అయిదులోనే మబ్బు పడింది," అన్నాడు నవీన్. "ఆరుకు దిగే ఓపిక యాడిది? కాల్షియం అని రాసి లేచొచ్చినా."

రెజీనా పగలబడి నవ్వింది. "ఒరే మొద్దూ! అది నీళ్లదిరా. తాత ఎన్ని మార్లు చెప్పినాడు? నాకూ పడింది, నేను దాన్ని లెక్కే చెయ్యలేదు. తాతా, చెప్పు వీనికి!"

ఏసేపు కిటికీలోంచి మామిడితోపుల వైపు చూసినాడు. కోయిలకుంట్ల దాటినా ఆ తల ఇటు తిరగలేదు. అలిసిపోయినాడేమో అనుకోని ఆ పిల్ల తన సీసాలో నీళ్లు ఆయన చేతికిచ్చింది.

తెల్లారినాక ఏసేపు కాలేజీకి పోకుండా విశ్వాసమ్మ ఇంటికి పోయినాడు. కూలోళ్ల ఆటో వీధి మొగదల హారన్ కొడతాండాది. విశ్వాసమ్మ తలకు గుడ్డ చుట్టుకుంటాండాది. రెజీనా వాకిట్లో అంట్లు తోముతాండాది.

"పాపా, నవీన్ రాసిందే నిజం," అన్నాడు. "ఆడి నీళ్లు మంచివి. ఆ మబ్బు ఉప్పుదే. నాకు తెలీలేదు."

రెజీనా చెయ్యి ఆగింది. "నువ్వు చెప్పినట్టే చేసినా గదా తాతా."

"ఊ."

"ఇరవై అయిదు రావా మరి?"

ఆయన తల అడ్డంగా ఊపినాడు.

"ఏమంటాండాడే మామ?" అనింది విశ్వాసమ్మ సద్దిగిన్నె మూత బిగిస్తా. "ఏమన్నా తప్పు చేసిందా? చేసింటే రెండు తగిలియ్యి మామా, నాకు ఆటో పోతాది."

"ఏం లేదుమా, నువ్వు పో," అనింది రెజీనా.

ఆటో పోయింది. ఆ పిల్ల తల ఎత్తకుండా మళ్లీ బూడిద అందుకోని, మాడిన సట్టిని గట్టిగా రుద్దుతా కూచుంది. కాలేజీ మొదటి బెల్లు వినపడింది.

"పో తాతా. ఫస్టియరోళ్లు కాచుకోనుంటారు."

ఏసేపు పోలేదు. గొంతుక్కూచోని, తొట్టిలో చెంబు ముంచి, ఆ పిల్ల తోమి పెట్టిన ఒక్కో గిన్నె మీదా నీళ్లు పోసినాడు. అంట్లన్నీ అయిపోయిందాకా పోస్తానే ఉన్నాడు.