కార్తీశ్వరికి మేనమామ కావాలి

చెల్లదురై అన్న వ్యాను నడిపితే మేము నిద్రపోతాం. అంతకంటే గొప్పగా ఆయన్ను పొగడడం నాకు చేతకాదు. కోయిల్‌పట్టి చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళను తెల్లారకముందే ఎక్కించుకుని అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ దగ్గర దింపుతాడు. ఇంటిల్లిపాదికీ వండిపెట్టి పరిగెత్తుకొచ్చే మాకు, రోజు మొత్తంలో కన్ను మూసే చోటు ఆ వ్యాను ఒక్కటే. గుంత వస్తే పసిబిడ్డను దించినట్టు దించుతాడు. ఎవరికైనా ఆలస్యమైతే ఆ ఇంటి ముందు ఊరికే ఆగుతాడు, హారన్ కొట్టి వీధంతా లేపడు. సెల్వరాణి నిండు చూలాలిగా పనికొచ్చినన్నాళ్ళూ ముందు సీటు ఆమెదే.

అలాంటి మనిషి ఆ సోమవారం వేసిన బ్రేకుకు నా నుదురు ముందు సీటుకు కొట్టుకుని బొప్పి కట్టింది. సాయంత్రం అందరూ దిగినా నేను దిగలేదు.

"ఏమాయన్నా? చెప్పకుంటే ఈడనే కూసోనుంటా," అన్నాను.

కూతురు కార్తీశ్వరికి విరుదునగర్‌లో సంబంధం కుదిరింది. ఆ సంగతి మాకు తెలుసు. తెలియనిది ఆయన అప్పుడు చెప్పాడు.

"పెండ్లికొడుకు మంచోడే, రాజాత్తీ. వాళ్ళ పెదనాయన రంగనాథన్‌కు పట్టింపు. మేనమామ సీరు తేవాలంట, మేనమామ మొదటి మాల వెయ్యాలంట. అప్పుడే మేళంతో ముందు వాకిట్లో పిల్లను తెచ్చేది. లేకుంటే సద్దు లేకుండా పక్క వాకిట్లో వచ్చి కూసోనీ అన్నాడు."

సీరంటే మా వైపు తట్టల్లో సర్ది ఊరేగింపుగా తెచ్చే సారె. అది తేవడానికి ఎవరున్నారు? ఆయన భార్య వళ్ళి ఎప్పుడో పోయింది, ఆమెకు అన్నదమ్ములు లేరు. ఆయనా ఒంటికాయ శొంఠికొమ్మే.

"బిడ్డ ఏమనె?"

"పక్క వాకిలైనా వాకిలే కదా నాయనా అనె." ఆ మాట అంటూనే స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. "ఒక్కసారి నా బిడ్డ మేళంతో ముందు వాకిట్లో నడిచిపోవాలమ్మా. ఇంకేమీ వద్దు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక ఇంకా మండింది. మర్నాడు ఆయన డీజిల్ పట్టించుకుంటుంటే వ్యానులో అందరికీ చెప్పేశాను.

"సీరే కదా, మనం తెద్దాం. ఇంటికొక తట్ట," అంది సెల్వరాణి. ఆయన చెవిన మాత్రం వేయకూడదని ఒట్లు పెట్టుకున్నాం.

పెళ్ళిరోజు మొగుళ్ళను కూడా లాక్కొచ్చాం, తట్టలు దించడానికి మనుషులు కావాలిగా. మా ఆయన తంగపాండి ముందు రాననే అన్నాడు.

"డ్రైవర్ కూతురి పెండ్లికి నేనెందుకే?"

"దినమూ నీకు వేడి బువ్వ ఎట్ల దొరుకుతుండాదో తెలుసునా? పొయ్యి మీద కుండ దించేదాకా ఆ మనిషి వాకిట్లో ఆగతాడు. వేష్టి కట్టు," అన్నాను. పంచె కట్టాడు.

అన్న ముందురోజే విరుదునగర్ వెళ్ళిపోయాడు కనుక వ్యాను సెల్వరాణి మొగుడు నడిపాడు. సాత్తూరు చేరేలోపే మా తలలన్నీ పైకప్పుకు తగిలాయి, ఒక తట్టలోని కడలమిఠాయి అంతా నా ఒళ్ళో పడింది. అప్పుడు తెలిసింది, ఇన్నేళ్ళూ మా నిద్రకు ఒకడు ఎంత పని చేశాడో.

మండపం ముందు దిగి, చీర, పసుపు, అరటిపళ్ళు, కొబ్బరికాయలు, మిఠాయి, మల్లెపూల తట్టలన్నీ ఎత్తుకుని వరసగా నిలబడ్డాం. పక్క వాకిలి దగ్గర కూతురితో నిలబడి ఉన్న చెల్లదురై అన్న మమ్మల్ని చూసి నోరు తెరిచాడు.

రంగనాథన్ ఎదురొచ్చాడు. రాక్షసుడేం కాదు, చేతులు జోడించే అడిగాడు.

"రాండమ్మా. మీరు ఎవురు?"

"పిల్లకు మేనత్తలం."

"అందరూనా?"

"అందరమూ. దినమూ అన్నా అన్నా అంటుండామే, ఊరికేనా?"

పెద్దాయన నవ్వాడు. "సరిమ్మా. సీరు వచ్చె, అత్తలు వచ్చిరి, సంతోషం. మాల వెయ్యను మేనమామ ఏడ?"

సీరు హడావుడిలో మాల సంగతే మరిచాం. నాదస్వరం ఎత్తినవాడు దించేశాడు. కార్తీశ్వరి తల వంచుకుని పక్క వాకిలి వైపు ఒక అడుగు వేసింది. ఎటు చూడాలో తెలియక వెనక్కి చూస్తే, మా మొగుళ్ళు వ్యాను చాటున చేరి తాపీగా టీ తాగుతున్నారు. వాళ్ళను తిట్టబోయాను. తిట్టు నోటిదాకా వచ్చి ఆగింది.

"పెదనాయనా, మీ ఇండ్లల్లో కుండమార్పు పెండ్లిండ్లు లేవా?" అని అడిగాను.

"లేకేమి? నాదే కుండమార్పు. నా చెల్లెల్ని ఆ ఇంటికిచ్చి, ఆ ఇంటి పిల్లను నాకు తెచ్చిరి."

"మీ బిడ్డలకు మేనమామ ఎవురు?"

"నా బామ్మర్ది."

"మేనత్త మొగుడు?"

"వాడే కదా..." అనేసి పెద్దాయన ఆగిపోయాడు.

"మన వరసలో అత్త మొగుడు మామే, పెదనాయనా. మేము అత్తలం. అదిగో మామలు!" వెనక్కి తిరిగి గొంతు చించుకున్నాను. "టీ పారేసి రాండయ్యా! కోడలికి మాల వెయ్యాల!"

వచ్చారు. వేష్టులు సవరించుకుంటూ, మీసాలు తుడుచుకుంటూ, ఒకడి వెనక ఒకడు వ్యానెడు మామలు వచ్చి నిలబడ్డారు. రంగనాథన్ ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఒక్క మేనమామను అడిగిన పాపానికి ఇంతమందా అన్నాడు. పక్కకు తప్పుకుని "కొట్టండయ్యా మేళం!" అని కేక పెట్టాడు.

మొదటి మాల మా తంగపాండి వేశాడు. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు ఎత్తని మనిషి ఆ పిల్ల చేయి పట్టుకుని ముందు వాకిట్లోకి అంత జాగ్రత్తగా నడిపించుకుపోతుంటే, నేను సిగ్గు లేకుండా ఏడ్చాను. మిగతా మామలు ఊరుకుంటారా? తట్టల్లో ఉన్న పూలన్నీ వేసేశారు. కార్తీశ్వరి ముక్కుదాకా మల్లెపూలలో మునిగి, ఏడుస్తూ నవ్వుతూ నడిచింది. మేళం చెవులు పగలగొట్టింది.

లోపల రంగనాథన్ వియ్యంకుడి చనువుతో మా అన్న భుజం మీద చేయి వేశాడు.

"ఏమి సమ్మందీ, ఇంత జనాన్ని పెట్టుకుని నాకు ఎవురూ లేరంటివే!"

చెల్లదురై అన్న మా అందరినీ ఒకసారి చూసి, తుండుతో మొహం తుడుచుకున్నాడు.

"నాకేమి తెలుసు సామీ? వీళ్ళు దినమూ నా వెనక కూసోనుంటారు. నేను రోడ్డును చూస్తుంటి," అన్నాడు.