చెంచాడు నీళ్లు

“ఇంకా గుటక పడలేదండీ డాక్టర్‌గారూ! అదొక్కటీ అయిందంటే మన పనైపోయినట్టే!”

బందరు ఆసుపత్రి వరండాలో నర్సు హన్నా అన్న మాటలివి. స్తంభం పక్కన నిలబడ్డ గోవర్ధనరావు చెవిలో పడేసరికి ఆ గుటక కాస్తా గుటుక్కుమంది. ఆయన గుడివాడ రైసుమిల్లులో మేస్త్రీ. ఏళ్ల తరబడి మిల్లు మోత విన్న చెవులవి. ఎదుటివాళ్ల మాట సగమే వింటాయి, మిగతా సగం సొంతంగా ఆడించుకుంటాయి.

“అక్కయ్యా! బావ గుటుక్కుమన్నాడే! పనైపోయిందని నర్సమ్మే చెప్పింది!” అని బావ కోసం బావురుమన్నాడు.

కనకమహాలక్ష్మి పరుగున వార్డులోకి వెళ్లింది. ఆమె భర్త చలపతిరావు మంచం మీద కళ్లు తెరుచుకుని, పైనున్న బల్లిని చూస్తున్నాడు.

“ఉన్నార్రా!” అంది ఆమె.

“అయితే ఇంకాసేపట్లో అన్నమాట,” అని తేల్చేశాడు తమ్ముడు. ఇద్దరూ మంచం కాళ్ల దగ్గర చేరి, పైకి వినపడకూడదనుకుంటూనే వార్డంతా వినపడేట్టు ఏడ్చారు.

చలపతిరావు గుడివాడ తాలూకా ఆఫీసులో గుమాస్తా. ఆయన లోపల మాట్లాడితే బయట గుర్రబ్బండి ఆగేదని చెప్పుకునేవాళ్లు. మాఘ పౌర్ణమికి హంసలదీవి వెళ్లి సముద్రస్నానం చేశాడు. ఆ రాత్రి సత్రం చాప మీద పడుకుంటే కట్లపాము కాటేసింది. ఆసుపత్రికి చేరేసరికి రెప్పలు వాలిపోయాయి, ఊపిరి అందడం లేదు. డాక్టరు ఆనందరావు గొంతులోకి రబ్బరు గొట్టం దింపాడు. డాక్టర్లూ నర్సులూ వంతులేసుకుని, రబ్బరు సంచీ నొక్కుతూ ఆయన ఊపిరి తాము ఆడించారు. అందరి చేతులూ పడిపోయాయి గానీ మనిషి నిలబడ్డాడు. నిన్ననే గొట్టం తీశారు.

ఊపిరి తిరిగింది, గొంతే తిరగలేదు. అంతటి కంఠం ఇప్పుడు ఎండుటాకు మీద ఎలక నడిచినట్టు గుసగుసలాడుతోంది. గొట్టం ఒరుసుకున్న గొంతులో గాలిదారికీ అన్నందారికీ మధ్య తలుపు సరిగ్గా పడుతుందో లేదో తెలియదు. పడకపోతే తాగిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఆ వెనకే న్యుమోనియా వస్తుంది. అందుకే హన్నా చెంచాడు కాచి చల్లార్చిన నీళ్లు పట్టుకుని పొద్దుటి నుంచీ తిరుగుతోంది. రోగిని కూర్చోబెట్టాలి, గడ్డం దించాలి, నీళ్లు పోసి గొంతు ముడి మీద రెండు వేళ్లు వెయ్యాలి. ముడి పైకి లేచి దిగితే గుటక పడ్డట్టు. ఆ తరవాత ‘ఆ’ అనిపించాలి. గొంతులో గురగుర లేకపోతే నోటికి తిండి.

“సాయంత్రం రౌండుకి మింగలేదంటే ముక్కులోంచి ట్యూబు వేసి గుంటూరు పంపేద్దాం సిస్టర్. పస్తు పెట్టి చంపలేం కదా,” అన్నాడు ఆనందరావు.

అసలే పచ్చిపుండులా ఉన్న గొంతు. దాంట్లోంచి మళ్లీ గొట్టమా! ఆ మాట హన్నాకి మింగుడుపడలేదు.

గొంతు బాగా కనపడాలని మంచం తిప్పించి, ఉత్తరపు కిటికీ వెలుతురుకి ఎదురుగా పెట్టించింది. తల దక్షిణానికి వచ్చింది. ఆమెకి కావలసింది వెలుతురు, దిక్కులు కాదు.

“బాబాయిగారూ, ఒక్క చెంచా. నోరు తెరవండి.”

చలపతిరావు పళ్లు బిగించాడు.

“దాహం వెయ్యడం లేదూ?”

వేస్తోందని తలూపాడు. నోరు మాత్రం తెరవలేదు. చెంచా పెదవికి తగిలితే తల అటు తిప్పాడు. అటు వస్తే ఇటు తిప్పాడు. బలవంతాన పోసిన నాలుగు చుక్కలూ బుగ్గలో దాచి దిండు మీదికి వదిలేశాడు. మధ్యాహ్నం మళ్లీ అదే తంతు. కాఫీ వాసనకి, ఎదురు మంచం వాళ్ల మాటలకి ఆయన కళ్లు అటు మళ్లుతున్నాయి, చెయ్యి కదులుతోంది, తెలివి నిక్షేపంగా ఉంది. మరి ఈ మొండితనం ఏమిటి?

“చంటిపిల్లలతో వేగాను గానీ ఇలాంటి పెద్దపిల్లాడితో వేగలేనమ్మా! మీరైనా చెప్పండి పిన్నిగారూ!” అని హన్నా విసుక్కుంది.

కనకమహాలక్ష్మి చెంగు నోట కుక్కుకుని మరింత ఏడ్చింది. గోవర్ధనరావు అడిగినదానికి సూటిగా చెప్పకుండా నీళ్లు నమిలాడు. మింగాల్సిన మనిషి మింగడు, మాట్లాడాల్సిన మనిషి నములుతాడు! చేతిలో చెంచా విసిరికొట్టాలనిపించింది హన్నాకి.

సాయంత్రం ఆనందరావు వచ్చాడు. గ్లిజరిన్ రాసిన ట్యూబు ట్రేలో సిద్ధంగా ఉంది. హన్నా ఆఖరిసారి చెంచా ఎత్తింది. వెనకాల కటుక్కున చప్పుడైంది. తిరిగి చూస్తే, కనకమహాలక్ష్మి అరచేతిలో పట్టేంత రాగిచెంబు మూత మీది సీలు ఊడదీస్తోంది.

“ఏమిటది పిన్నిగారూ?”

“కాశీ గంగ నీళ్లమ్మా. మా అత్తగారు తెచ్చి పెట్టింది. ఎలాగూ ఆఖరి చుక్కే కదా, మీ నీళ్లకి బదులు ఇది పొయ్యండి.”

చలపతిరావు కళ్లు గట్టిగా మూసేసుకున్నాడు. పెదవులు లోపలికి పోయాయి.

హన్నా చెంచా ఆగిపోయింది. శవాన్ని పెట్టినట్టు దక్షిణానికి తల, చుట్టూ ఏడుపు, చెంచాడు నీళ్లు, ఇప్పుడు గంగ! ఈయనకి గుటక రాక కాదు. వేస్తే పోతానని వెయ్యడం లేదు. ఆ చుక్క లోపలికి దిగనంతసేపూ ప్రాణం బయటికి పోదని కాపలా కాస్తున్నాడు!

“ఆ చెంబు ఇలా ఇవ్వండి! ఎన్నేళ్ల నాటి నీళ్లో ఏమో, మా కష్టమంతా గంగపాలు చేసేవారే!” అని లాక్కుంది. “డాక్టర్‌గారూ, ఆ ట్యూబు ఒక్క నిమిషం ఆపండి.”

“ఎందుకు సిస్టర్?”

“నీళ్లతో ఈయన నోరు తెరవరండీ. చెంచాడు కాఫీ పట్టనివ్వండి.”

ఆనందరావు ఆమెనీ, చెంబునీ, రోగినీ మార్చి మార్చి చూశాడు. “ఒక్క చెంచానే,” అన్నాడు.

హన్నా మంచం మళ్లీ మామూలు దిక్కుకి తిప్పించింది. ఎదురు మంచం వాళ్ల ఫ్లాస్కులోంచి గ్లాసులో కాఫీ పోసి, చల్లార్చి తెచ్చి ముక్కు దగ్గర పెట్టింది.

“బాబాయిగారూ, కళ్లు తెరవండి. పోయేవాళ్లకి ఎవరైనా కాఫీ పోస్తారా?”

చలపతిరావు ఒక కన్ను తెరిచాడు. ఆలోచించాడు. ఆ వాదనలో పట్టుకోవడానికి తప్పేమీ దొరకలేదు. నోరు తెరిచాడు.

చెంచా ఖాళీ అయింది. హన్నా వేళ్ల కింద గొంతు ముడి లేచింది, ఒక్క క్షణం తటపటాయించి దిగింది. దగ్గు రాలేదు.

“ఇప్పుడు ‘ఆ’ అనండి!”

“ఆ... చికోరీ ఎక్కువైంది,” అని గుసగుసగా, పొడిగా, ఏ గురగురా లేకుండా పలికాడు చలపతిరావు.

ఆనందరావు ట్రే మీద గుడ్డ కప్పేశాడు. “రేపటి నుంచి జావ. చెంచా చెంచాగా,” అని, నవ్వు దాచుకుంటూ పక్క మంచానికి వెళ్లాడు.

హన్నా మాత్రం నవ్వలేదు. వరండాలోకి వచ్చేసరికి, గోవర్ధనరావు పొద్దున్న కొట్టిన టెలిగ్రాము చేత్తో పట్టుకుని గుడివాడ బండి దిగిన బంధువులు, గుటుక్కుమన్నాడట అనుకుంటూ శోకాలకి సిద్ధంగా నిలబడి ఉన్నారు.

“ఎవరండీ ఆయన గుటుక్కుమన్నాడని చెప్పింది?”

అందరూ గోవర్ధనరావుని చూశారు. ఆయన, “మీరే కదమ్మా!” అన్నాడు.

“నేను గుటక అన్నానండీ, గుటక! అది పడితే ఆయన బతికి నోటితో తింటాడని! మీరు ఏడ్చి, టెలిగ్రాము కొట్టి, చెంబు తెరిచి, ఆయన్ని ఇంచుమించు నిజంగానే పంపించారు! అందరూ గొంతు మీద వేళ్లు పెట్టుకోండి. పెట్టుకోండి! మింగండి!”

వరండా పొడుగునా బంధువులంతా గొంతులు పట్టుకుని మింగారు.

“లేచి దిగిందా? అదీ గుటక.”

“దిగిందమ్మా,” అన్నాడు గోవర్ధనరావు, ఇంకా గొంతు పట్టుకునే.