మూడో అరలో కేకు

అప్పు చేసింది తమ్ముడు, సంతకం పెట్టింది మొగుడు, కడుపు మాడ్చుకోవడం మొదలుపెట్టింది ఆవిడ. షాపు తెరిచిన రోజున తమ్ముడు ఇక మూడు పువ్వులు ఆరు కాయలే అన్నాడు. ఆరు నెలలకే బోర్డు తిప్పేసి, ఎవరికీ చెప్పకుండా ఎటో వెళ్లిపోయాడు. హామీ సంతకం పెట్టిన పాపానికి ఆ అప్పు బావగారి మెడకి చుట్టుకుంది. బావగారు మాత్రం ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టి ఉంటే ఆవిడకి తేలిగ్గా ఉండేది. తిట్టకపోయేసరికి తనకి తానే శిక్ష వేసుకుంది. ముందు టీలో పంచదార మానేసింది, తర్వాత టీయే మానేసింది. చెప్పు తెగితే పిన్నీసు పెట్టుకుని నడిచింది.

ఆవిడది బట్టలు కుట్టే షాపులో కాజాలు కుట్టే పని. అక్కడ అందరికీ కాజాలక్క. ఆయనది పుస్తకాలకి అట్టలు కట్టే పని, వీధిలో అట్టలాయన అంటే తెలియనివాళ్లు లేరు. అట్ట ముక్కని బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి, అది ఎంత మందమో, తడిస్తే ఎటు వంగుతుందో చెప్పేసేవాడు. గోళ్ల చుట్టూ ఎప్పుడూ జిగురు ఎండి తెల్లటి పొరలు కట్టి ఉండేది. అన్నం తినేముందు వాటిని గీక్కోవడం ఆయనకి ఒక పని, అది చూసి విసుక్కోవడం ఆవిడకి ఇంకో పని.

ఒకరోజు షాపులో ఆవిడ కళ్లు తిరిగి కుట్టుమిషను మీదే వాలిపోయింది. ఆ సాయంత్రం ఆయన ఆవిడ ఎదురుగా పీట వాల్చుకుని కూర్చున్నాడు.

"అప్పు మనల్ని తింటోంది, సరే. మనం కూడా ఏదో ఒకటి తినాలిగా. లేకపోతే రేపు దానికి తినడానికి మాత్రం ఏం మిగులుతుంది?"

అలా పుట్టింది ఆ ఇంటి కట్టుబాటు. నెలలో మొదటి శనివారం మధ్యాహ్నం ఇద్దరూ కలిసి అప్పిచ్చిన ఆఫీసుకి వెళ్లి వాయిదా కట్టాలి. కట్టాక చెరి కాస్త డబ్బు తీసుకుని, ఆఫీసు గుమ్మం దగ్గరే విడిపోయి, ఓ గంటపాటు ఎవరికి నచ్చిన చోటికి వాళ్లు వెళ్లి, నచ్చింది తినాలి, తాగాలి. ఇంట్లోకి గిన్నే తువ్వాలూ కొంటే చెల్లదు. ఇంటికొచ్చాక ఏం తిన్నారో, ఎలా ఉందో రెండోవాళ్లకి చెప్పి తీరాలి.

"ఇద్దరం కలిసే వెళ్లొచ్చుగా," అంది ఆవిడ.

"కలిసి వెళితే ఇంటికొచ్చి చెప్పుకోడానికి ఏముంటుందే?" అన్నాడు ఆయన.

ఆవిడ రెండు వీధుల అవతల ఉన్న హోటలుకి వెళ్లేది. కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని ఒక కాఫీ తాగేది. మొదటి నెల గొంతు దిగలేదు, తప్పు చేస్తున్నట్టే ఉంది. మూడో నెలకి కాఫీ వాసన తెలిసింది. ఆరో నెలకి, తాగేసిన కప్పు ఇంకెవరో వచ్చి తీసుకెళ్లి కడుగుతారన్న సంగతి కాఫీకంటే రుచిగా అనిపించింది. ఆ గంట ఆవిడని మనిషిగా నిలబెట్టింది, అందులో అబద్ధం లేదు. అయితే ఇంటికొచ్చి చెప్పమంటే మాత్రం మాట పెగిలేది కాదు.

"కాఫీ తాగాను. బాగుంది," అనేది.

"అంతేనా?"

"అంతే మరి. కాఫీ గురించి ఇంకేం చెప్తాం?"

చెప్పడమంటే ఆయనది. పెద్ద బజారు మలుపులో ఉన్న బేకరీ, దాని గాజు బీరువా, అందులో మూడో అర, ఆ అరలో తెల్లటి క్రీము మీద ఐదు ఎర్రటి పళ్లతో ఒక కేకు. అందులోంచి నెలకో ముక్క. కత్తి ఎలా దిగుతుందో, లోపల పసుప్పచ్చటి పొరలు ఎన్నున్నాయో, పొరకీ పొరకీ మధ్య నారింజ వాసన ఎలా దాక్కుని ఉంటుందో, నాలుక మీద పెట్టగానే ముందు ఏది కరిగి తర్వాత ఏది మిగులుతుందో, చేతులు తిప్పుతూ చెప్పేవాడు. వింటుంటే ఆవిడకి నోరూరేది. ఒక్కోసారి కుళ్లు కూడా పుట్టేది.

"మీ మూడో అర సవతి ఎలా ఉంది?" అని నెలనెలా ఆటపట్టించేది.

"ఈ నెల ఇంకాస్త ఒళ్లు చేసింది," అనేవాడు.

ఒకసారి తనకీ ఓ ముక్క తెమ్మని అడిగింది. "కట్టుబాటు కట్టుబాటే. ఎవరిది వాళ్లు తినాలి. అప్పు తీరాక ఇద్దరం కలిసి వెళ్లి మొత్తం కేకు కోయిద్దాం," అన్నాడు. ఆవిడ ఆ మాట నమ్మింది. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. అతికించడమే వృత్తి అయినవాడి అబద్ధంలో ఆవిడకి ఐదేళ్లపాటు ఒక్క అతుకూ కనపడలేదు.

ఇంకా తొమ్మిది వాయిదాలు ఉన్నాయనగా ఆయన మంచాన పడ్డాడు. కడుపునొప్పి చాన్నాళ్లుగా ఉందట, చెప్పలేదు. ఆస్పత్రిలో చేర్చాక పదో రోజున డాక్టరు ఆవిడని వరండాలోకి పిలిచి, "ఇక పథ్యం ఏమీ అక్కర్లేదమ్మా. ఏది అడిగితే అది పెట్టండి," అన్నాడు. ఆ మాటకి అర్థం తెలియనంత చిన్నపిల్ల కాదావిడ. మొహం కడుక్కుని లోపలికి వెళ్లింది.

ఆయన ఏదీ అడగలేదు. గంజి రెండు చెంచాలు తాగి తల తిప్పేసుకున్నాడు. మర్నాడు మొదటి శనివారం.

"వాయిదా కట్టి, వస్తూ వస్తూ మీ కేకు తెస్తాను," అంది.

ఆయన కళ్లు చప్పున తెరిచాడు. "ఇప్పుడెందుకే అది? ఈపాటికి అయిపోయి ఉంటుంది."

"ఐదేళ్లుగా అయిపోనిది ఇవాళే అయిపోతుందా?"

"అప్పు తీరాక ఇద్దరం వెళదామనుకున్నాంగా."

ఆవిడ సంచి తీసుకుని లేచింది. అప్పు తీరేదాకా ఆయన ఉండడని ఆవిడకి తెలుసు. ఈ మనిషి ఇష్టపడింది ఈ లోకంలో ఒక్కటుంటే, అది ఇంకొక్కసారి ఆయన నోట్లో పెట్టాలి. ఆ రోజు ఆవిడకి వేరే కోరిక లేదు.

ఆఫీసులో గుమస్తా డబ్బు తీసుకుని, రసీదు మీద రెండు ముద్రలు కొట్టాడు.

"ఇదే ఆఖరుదమ్మా. తీరిపోయింది."

"ఇంకా ఎనిమిది ఉండాలి బాబూ. సరిగ్గా చూడు."

"చూసే చెప్తున్నానమ్మా. ప్రతిసారీ మీరిద్దరూ కట్టి వెళ్లాక, ఐదు నిమిషాలకి అయ్యగారు ఒక్కరే మళ్లీ వచ్చేవారు. ఇంకాస్త కట్టి వెళ్లేవారు."

ఎక్కువ పని చేసి కూడబెట్టి ఉంటాడని సరిపెట్టుకుంది ఆవిడ. నెత్తి మీది బండ దిగింది, అయినా మెడ తేలికపడలేదు. బేకరీకి నడిచింది.

ఆవిడ ఆ గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. గాజు బీరువా ఉంది, మూడో అర ఉంది, తెల్లటి క్రీము మీద ఐదు ఎర్రటి పళ్లతో కేకూ ఉంది. ఎన్నాళ్లనుంచో తెలిసిన మనిషిని చూసినట్టు ఆవిడ దాన్ని చూసింది.

"అందులోంచి ఒక ముక్క కోసివ్వు తల్లీ," అంది కౌంటరు దగ్గర అమ్మాయితో.

ఆ అమ్మాయి నవ్వింది. "అది అట్టమ్మా. పైన సున్నం పూసి రంగేశాం. చూడ్డానికే. మా మామగారి కాలం నుంచీ అక్కడే ఉంది."

"కాదమ్మా, సరిగ్గా చూడు. మా ఆయన నెలనెలా అందులోంచే తింటారు."

ఆ అమ్మాయి నవ్వు ఆపేసింది. ఆవిడ మొహంలోకి కాసేపు చూసి, నెమ్మదిగా అడిగింది. "ఆయన గోళ్ల నిండా జిగురుంటుందా?"

ఆవిడ తలూపింది.

"ఆయన ఎప్పుడూ లోపలికి రాలేదమ్మా. బయట ఆ గాజు దగ్గర నిలబడతారు. ఇక్కడ కూర్చుని ఎవరైనా తింటుంటే వాళ్ల మొహాలే చూస్తుంటారు. ఒకసారి నేనే ఓ ముక్క పట్టుకెళ్లి ఇవ్వబోయాను. షుగరుందమ్మా, తినకూడదన్నారు."

ఆయనకి షుగరు లేదు. ఏనాడూ లేదు.

ఆవిడకి ముందు కోపం వచ్చింది. ఇంత మోసమా అనుకుంది. ఆ తర్వాత తను తాగిన కాఫీలు గుర్తొచ్చాయి. ఐదేళ్లు, నెలకొకటి. కిటికీ పక్కన కూర్చుని తను తాగుతున్నప్పుడల్లా ఆయన ఇక్కడ ఎండలో నిలబడి, ఇంటికొచ్చి చెప్పడానికి పరాయివాళ్ల మొహాల్లోంచి రుచి ఏరుకున్నాడు. అట్టని నొక్కి జాతకం చెప్పే మనిషి, నొక్కి చూసే వీల్లేక, గాజు అవతల ఉన్న అట్టముక్కని చూసి మోసపోయాడు. ఈ సంగతికి ఇంకొకరైతే నవ్వేవాళ్లు. ఆవిడ కౌంటరు పట్టుకుని, నలుగురూ చూస్తున్నా ఆపుకోలేక ఏడ్చింది.

ఏడుపు తగ్గాక రెండో అరలో ఉన్న నిజం కేకు చూపించింది. "అందులోంచి ఒక ముక్క ఇవ్వు. పైన ఒక ఎర్రపండు పెట్టగలవా?" ఆ అమ్మాయి పెట్టింది, డబ్బు వద్దంది. "ఇది ఈ నెల నా వంతు, తీసుకోవాలి," అని ఆవిడ చిల్లరతో సహా లెక్కపెట్టి ఇచ్చింది.

ఆస్పత్రిలో డబ్బా చూడగానే ఆయన మొహం పాలిపోయింది. దొంగతనం బయటపడ్డ పిల్లాడిలా ఆవిడ కళ్లలోకి చూశాడు.

"మూడో అరలోదే," అంది ఆవిడ. "మీరన్నట్టే ఇంచుమించు అయిపోయింది. ఇదే ఆఖరి ముక్క."

డబ్బా మూత తీస్తే తెల్లటి క్రీము, ఎర్రటి పండు. మెల్లిగా చెయ్యి చాపి, అలవాటు కొద్దీ ముక్క అంచుని బొటనవేలితో నొక్కాడు. అది మెత్తగా లోపలికి పోయింది. ఆ వేలు వంకే చూస్తూ ఉండిపోయాడు. పది రోజులుగా పనిలేక గోళ్లు శుభ్రంగా ఉన్నాయి.

ఆవిడ చెంచాతో చిన్న తుంపు తీసి నోట్లో పెట్టింది. ఆయన నమలలేదు, కరగనిచ్చాడు. కళ్లు మూసుకున్నాడు. మూసుకున్న కళ్ల చివరినుంచి నీళ్లు చెవి వైపు జారాయి.

"ఇంత బాగుంటుందనుకోలేదే," అన్నాడు.

అన్నాక తెలిసింది ఏమన్నాడో. కళ్లు తెరిచాడు. ఆవిడ ఏమీ విననట్టు మంచం మీది దుప్పటి మడత సరిచేస్తోంది, ఆ మడతలో సరిచేయడానికేమీ లేకపోయినా. ఇంకో తుంపు తీసి పెట్టింది.

"అప్పు తీరిపోయిందటండీ," అంది. "ఎనిమిది నెలలు ముందే."

"లెక్కలో ఎక్కడో తప్పు పడుంటుంది," అన్నాడు ఆయన, గోడ వైపు చూస్తూ.

"పడే ఉంటుంది."

మూడో చెంచా సగంలోనే చాలన్నాడు. ఆవిడ మూతి తుడిచి, ఇన్నేళ్లూ ఇంట్లో పీట వాల్చుకున్నట్టే స్టూలు దగ్గరికి లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఊఁ, చెప్పండి మరి. ఎలా ఉంది?"

ఆయన నోరు తెరిచాడు. పొరల గురించి, నారింజ వాసన గురించి, ముందు కరిగేదాని గురించి, తర్వాత మిగిలేదాని గురించి ఐదేళ్లు చెప్పిన నోరు.

"బాగుంది," అన్నాడు.

ఆవిడ ఆయన చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, జిగురు లేని ఆ గోళ్లని ఒక్కొక్కటే తడుముతూ కూర్చుంది.