అత్తగారి ఫ్రీవీలు

అత్తగారు పెళ్ళికి ముందు సైకిలు పందేల్లో తొక్కిన మనిషి. ఆనాటి సన్న టైర్ల సైకిలు మీదే ఇప్పటికీ గ్రంథాలయానికి వెళ్ళి వస్తుంది. దాని వెనక చక్రానికి ఐదు గేర్ల ఫ్రీవీలు, అంటే చైను పట్టుకుని తిరిగే పళ్ళ చక్రాల గుత్తి. నలభై ఏళ్ళకు దాని పళ్ళు అరిగిపోయి, గట్టిగా తొక్కితే చైను జారిపోతోంది. తను పళ్ళు కట్టించుకుంది గానీ దీని పళ్ళ సంగతి ఎవరూ పట్టించుకోలేదని ఒక పూట భోజనాల దగ్గర అంది. నవ్వుతూనే అంది. అల్లుడు మాత్రం ఆ మాట మనసులో పెట్టుకున్నాడు.

అల్లుడిది వంతెనలకు నక్షలు గీసే ఉద్యోగం. కాగితం మీద నిలబడింది నేల మీదా నిలబడి తీరుతుందని అతని నమ్మకం. మూడు వారాలు పాత సామాన్ల కొట్లన్నీ గాలించి, నూనె కాగితం కూడా విప్పని పాతకాలపు ఫ్రీవీలు ఒకటి పట్టుకొచ్చాడు. అది ఆరు గేర్లది. ఒకటి ఎక్కువైతే వచ్చే నష్టమేముంది అనుకున్నాడు. ఆదివారం పొద్దున్న అత్తగారు ఈతకు వెళ్ళగానే, ఆమె వచ్చేలోపు బిగించేద్దామని వెనక చక్రం ఊడదీశాడు.

పాత ఫ్రీవీలు రావాలంటే దాని నడుమ ఉన్న రెండు గాట్లలో ఒక పనిముట్టు దూర్చి ఎడమకు తిప్పాలి. సైకిలు ఎడమ పెడలుకు మర తిరగేసి ఉంటుందని ఎక్కడో చదివిన అల్లుడు, ఇదీ అంతే అయ్యుంటుందని తీర్మానించి కుడికి తిప్పాడు. రాలేదు. పానాకు మూరెడు గొట్టం తొడిగి, గోడకు కాలు తన్నిపెట్టి తిప్పాడు. అసలే బిగిసిపోయిన ఫ్రీవీలు ఇంకాస్త బిగిసింది. పనిముట్టు జారి గాటు అంచు చెక్కుకుపోయింది, అల్లుడి వేళ్ళు దోక్కుపోయాయి. భార్య గుమ్మంలో నిలబడి అంతా చూసి, అమ్మ పదకొండింటికల్లా వచ్చేస్తుందని మాత్రం చెప్పింది.

అత్తగారు తడి జుట్టుతోనే చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని, కళ్ళజోడు సర్దుకుని గాటు చూసింది. అల్లుణ్ణి అనవలసినవన్నీ కూతురితో అనడం ఆమె అలవాటు.

"దీని మీద ఎవరో బాగా ప్రేమ చూపించారే," అంది.

భర్త వేళ్ళకు కట్టు కడుతున్న కూతురు నవ్వాపుకోలేక కట్టు వదిలేసింది.

కింద వడ్రంగి కొట్లో వస్తువుల్ని కదలకుండా కరిచిపట్టే పెద్ద వైసు బల్లకు బిగించి ఉంది. అత్తగారు పనిముట్టును గాట్లలో కూర్చోబెట్టి, జారకుండా ఇరుసు నట్టు వేసి, దాన్ని వైసు దవడల్లో బిగించింది. చక్రం బస్సు స్టీరింగులా బల్ల మీద వెల్లకిలా పడింది. ఒక పక్క అత్తగారు, ఇంకో పక్క అల్లుడు పట్టుకుని ఎడమకు తిప్పారు. ఉలకలేదు, పలకలేదు. కూతురూ వచ్చి చెయ్యి వేసింది. చివరికి వడ్రంగి కూడా టీ గ్లాసు పక్కన పెట్టి వచ్చాడు. నలుగురూ ఊపిరి బిగబట్టి లాగేసరికి అది టక్కుమని వదిలింది. అల్లుడు వెళ్ళి రంపపు పొట్టు బస్తాలో కూలబడ్డాడు.

"అత్తయ్యగారూ," అన్నాడు పొట్టు దులుపుకోకుండానే, "పొద్దున దీన్ని బిగించింది నేనే. కుడికి తిప్పాను."

"తెలుసు బాబూ. మొదటిసారి నేనూ కుడికే తిప్పి, గొట్టం కూడా వంచేశాను," అంది ఆమె, ఈసారి నేరుగా అతనితోనే. "రండి, కొత్తది మీరే ఎక్కించండి."

ఆమె చెప్పినట్టే అతను మరకు గ్రీజు పూసి, ఫ్రీవీలును మొదట వెనక్కి తిప్పాడు. మర మొదలు దొరికి టిక్కుమన్నాక ముందుకు తిప్పితే వేళ్ళతోనే చివరిదాకా ఎక్కింది. ఎక్కనని మొరాయిస్తే మళ్ళీ మొదటికి రావాలి తప్ప బలం చూపించకూడదని ఆమె అంటుంటే, అల్లుడు తల వంచుకుని విన్నాడు.

తీరా సైకిలుకు తగిలించి చూస్తే, ఆరో గేరులో చైను చట్రాన్ని గీకుతోంది. అల్లుడి మొహం పాలిపోయింది. అత్తగారు ఇరుసుకు ఎడమ పక్కనున్న మందపాటి వాషరు తీసి కుడి పక్కకు మార్చింది. చైనుకు చోటు దొరికింది గానీ చక్రం ఎడమకు జరిగింది. ఇక దాన్ని నడుమకు తేవడానికి కుడివైపు పుల్లలు ఒక్కొక్కటీ పావు చుట్టు బిగించుకుంటూ రావాలి. అక్కడ అల్లుడి నక్షల కన్ను పనికొచ్చింది. అతను వెనకాల గొంతుక్కూర్చుని ఇంకో వెంట్రుకవాసి, ఇంకో వెంట్రుకవాసి అంటుంటే ఆమె బిగించింది. అన్నం చల్లారిపోయింది. కూతురు రెండుసార్లు పిలిచి, మూడోసారి తన కంచంలో తను వడ్డించుకుంది.

సాయంత్రం ఇద్దరూ ఆసుపత్రి ఎత్తుకు బయలుదేరారు. రెండేళ్ళుగా ఆమె దిగి నడిపించుకుంటూ ఎక్కుతున్న ఎత్తు అది. ఈసారి సీటు మీంచి లేవకుండా ఎక్కేసింది. చైను ఒక్కసారి కూడా జారలేదు. ఇరవై ఒక్క గేర్ల తన కొత్త సైకిలు నడిపించుకుంటూ అల్లుడు పైకి చేరేసరికి ఆమె గోడ మీద కూర్చుని చెమట తుడుచుకుంటోంది. మొహం వెలిగిపోతోంది.

దిగేటప్పుడు తన సైకిలు అతనికిచ్చి, అతనిది తను తీసుకుంది. అల్లుడు తొక్కడం ఆపేశాడు. ఫ్రీవీలు టికటికమంటుంటే సైకిలు వీధిని మింగేస్తున్నట్టు పరుగెత్తింది. ఇంత హాయి ఉందని అతనికి ఏ నక్షా చెప్పలేదు.

"బ్రేకులు కాస్త ఆలస్యంగా పడతాయి బాబూ," అని వెనకనుంచి ఆమె మర్యాదగా కేకేసింది.

అల్లుడు అప్పటికే ఇల్లు దాటిపోయాడు.