మెతోది ఫొటో

బల్గేరియాలోని కజాన్లక్ ఊళ్లో ఎవరు పోయినా, గుమ్మాలకు అతికించే సంతాప పత్రం ఇరవై రెండేళ్లుగా జివ్కా చేతి మీదుగానే వచ్చేది. కంప్యూటర్లో పాత పత్రం తెరిచి, పేరు మార్చి, ఫొటో మార్చి అచ్చుకొట్టేది. ఆ చేతికి కళ్లతో పనే లేదు.

ఆ ఉదయం పెన్కా వచ్చింది. ఆమె భర్త మెతోది పోయి ఏడాది. అక్కడి ఆచారం ప్రకారం ఏడాదికి మళ్లీ పత్రం వెయ్యాలి.

"అదే ఫొటో పెట్టమ్మా. నా దగ్గరున్నది మొన్నటి వరదలో పోయింది. ఇక నీ దగ్గరే ఉంది."

జివ్కా తెరిచింది. మెతోది పేరుతో ఉన్న ఫైల్లో ఎవరో ముసలావిడ నవ్వుతోంది.

పక్క సీట్లోంచి కొత్తమ్మాయి రలీత్సా తొంగి చూసింది. "పాతదాని మీదే సేవ్ చేసేశావు పిన్నీ! చెరిపెయ్యనా అని అడుగుతుందిగా, చదవలేదా?"

"రోజుకి వందసార్లు అడుగుతుందే! వందసార్లూ అవుననే నొక్కుతాను. నువ్వు కొత్తదానివి కాబట్టి చదువుతావు" అని జివ్కా కసురుకుంది. కసురుకుని, ఆ చెయ్యి ఒళ్లో దాచుకుంది.

పెన్కా చాలాసేపు తెరవంకే చూసింది. తిడుతుందనుకున్నారు ఇద్దరూ.

"ఆసుపత్రిలో ఆఖరి రోజున నా ముందు పద్నాలుగు కాగితాలు పెట్టారమ్మా" అంది మెల్లగా. "ఆయన జబ్బుకి నాలుగేళ్లుగా సంతకాలు పెట్టీ పెట్టీ చదవడం మానేశాను. వాటిలో ఒకటి, డాక్టర్లు వద్దంటున్నా ఇంటికి తీసుకెళ్తున్నానని ఉందట, తర్వాత తెలిసింది. దార్లోనే పోయాడాయన."

జివ్కా ఒళ్లోంచి చెయ్యి పైకి తీసింది.

"ఫొటో లేకుండానే వెయ్యి" అంది పెన్కా. "పేరు మాత్రం ఒకసారి పైకి చదివి కొట్టు."