ఆయనొస్తే లేపు

జైతున్‌బీ మిరపకాయ తొడిమ తుంచి, కాయను బుట్టలో వేసి, మళ్ళీ రాశిలోకి చెయ్యి పోనిచ్చింది. పక్కనే సుబ్బరావమ్మ కూడా తొడిమలు తుంచుతోంది. ముక్కుకు కట్టుకున్న గుడ్డ కింద ఆమె పెదాలు కదులుతున్నాయి.

"బాబుగారూ, మిరప కొట్లో ముప్పైమంది ఆడాళ్ళం. చేతులు కడుక్కోడానికి ఒక కొళాయి వేయించండి... ఇంతే. మంత్రిగారికి ఇలా చెబితే సరిపోద్దంటావా?"

"ముందు దండం పెట్టక్కా" అంది జైతున్‌బీ.

పదహారేళ్ళుగా ఇద్దరూ గుంటూరులోని ఆ కొట్లో, ఆ గోడవారనే కూర్చుంటున్నారు. సుబ్బరావమ్మది పొన్నూరు దగ్గర పల్లె. మొగుడు పత్తి మిల్లులో బేళ్ళు మోసి మోసి రొమ్ముజబ్బుతో పోతే, రెండేళ్ళ కూతుర్ని చంకనేసుకుని ఈ పనికొచ్చింది. ఆమె వేళ్ళు గోళ్ళ మొదళ్ళదాకా ఎర్రబారిపోయాయి. కన్ను దురదపెడితే మోచేత్తో తుడుచుకునేది. కొట్లో ఉన్న బావి ఉప్పునీళ్ళది. ఎంత కడిగినా కారం వదిలేది కాదు.

"అందరి పిల్లలూ అమ్మ చెయ్యి తగిలితే ఏడుపు మానతారు. నా పిల్ల నా చెయ్యి తగిలితే ఏడుపు మొదలెట్టేది" అని నవ్వేది. ఆ పిల్లకు కిందటేడు పెళ్ళయింది. కనిగిరిలో కాపురం చేసుకుంటోంది.

గుమస్తా బాపయ్య గుమ్మంలోకొచ్చి కేకేశాడు. "లేవండమ్మా, లారీ వచ్చింది. మంత్రిగారు కొత్త యార్డుకి శంకుస్థాపన చేస్తన్నారు. ముందు వరసలో కూర్చోండి. చప్పట్లు కొట్టమంటే కొట్టండి. నోరు మాత్రం మెదపొద్దు."

లారీ ఎక్కుతూ సుబ్బరావమ్మ ఎడమ భుజం నొక్కుకుంది. "ఈ రెక్క పొద్దుటినుంచీ లాగతందే."

"పోనీ ఇంటికెళ్ళరాదా?"

"బాగా చెప్పావు. మంత్రి ఊళ్ళోకొచ్చేది మళ్ళీ ఎప్పుడు?"

షామియానా నీడ కుర్చీలవరకే వచ్చింది. ఆడవాళ్ళను వేదిక ముందు గోనెపట్టాల మీద ఎండలో కూర్చోబెట్టారు. పది గంటలకు రావలసిన మంత్రిగారు పన్నెండైనా రాలేదు. మైకులో ఎవరో "ఇదిగో వస్తున్నారు, అదిగో వస్తున్నారు" అంటూనే ఉన్నారు. సుబ్బరావమ్మ మొహం నిండా చెమట పట్టింది. జైతున్‌బీ తన కొంగుతో తుడిచింది.

"కాస్త కన్ను మూస్తానే. ఆయనొస్తే లేపు" అని సుబ్బరావమ్మ ఆమె భుజం మీద తల వాల్చింది.

ఒంటిగంటకు డప్పులు మోగాయి. జనమంతా లేచారు. జైతున్‌బీ లేవలేదు. రాగానే అడగనిస్తారా ఏంటి, ఇంకాసేపు పడుకోనీలే అనుకుంది. పూలదండలు పడ్డాయి. రాయి మీద గుడ్డ తీశారు. మంత్రిగారు ఖద్దరు చొక్కా చేతులు పైకి మడుచుకుని చాలాసేపు మాట్లాడారు. అంతసేపూ జైతున్‌బీ భుజం కదపలేదు.

చివరికి ఆయన వేదిక అంచుకొచ్చారు. "అమ్మలారా, మీకేమైనా ఇబ్బందులుంటే మొహమాటపడకుండా చెప్పండి."

జైతున్‌బీ "అక్కా, లే. అడగతన్నారు, లే" అని మోచేత్తో పొడిచింది.

సుబ్బరావమ్మ తల భుజం మీదనుంచి జారి ఒడిలో పడింది. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి. చెయ్యి పట్టుకుంటే ఆ ఎండలో కూడా చల్లగా తగిలింది.

జైతున్‌బీ తన చెయ్యి పైకెత్తింది. ఎందుకెత్తిందో ఆమెకే తెలియదు.

"చెప్పమ్మా" అన్నారు మంత్రిగారు.

పొద్దుటినుంచీ విన్న మాటలు అక్షరం పొల్లుపోకుండా ఆమె నాలుక మీదే ఉన్నాయి. నోరు తెరిచింది.

"మా అక్క లేవట్లేదండి" అంది.

జనం చుట్టూ మూగారు. "నీళ్ళు, నీళ్ళు" అన్నారెవరో. దగ్గర్లో ఎక్కడా నీళ్ళు లేవు. వేదిక మీద మంత్రిగారి కోసం కొట్టి పెట్టిన గోలీ సోడా ఒక వాలంటీరు తెచ్చిచ్చాడు. జైతున్‌బీ నాలుగు చుక్కలు ఆ పెదాల మధ్య పోసింది. అవి చెంప మీదుగా జారిపోయాయి. ఒక పెద్దాయన ముక్కు దగ్గర వేలుపెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. మంత్రిగారు కిందికి దిగొచ్చి చేతులు జోడించి నిలబడ్డారు. ఇంకా మూడు ఊళ్ళు తిరగాలని ఎవరో గుర్తుచేస్తే కారెక్కారు.

సుబ్బరావమ్మను వచ్చిన లారీలోనే పడుకోబెట్టారు. బాపయ్య తన కండువా తీసి ఆమె మీద కప్పాడు. కాసేపటికి, "ఏదో అడగాలని అనుకుంటందన్నారు, ఏంటమ్మా అది?" అన్నాడు.

"కొళాయండి."

బాపయ్య తల వంచుకున్నాడు. జైతున్‌బీకి ఏడుపు రాలేదు. తల బరువు ఇంకా మీదే ఉన్నట్టు ఎడమ భుజం ఒక పక్కకు వంచే కూర్చుంది. ఆయన రాగానే లేపి ఉంటే లేచేదా? అప్పటికే పోయిందా? డప్పుల్లోనా, ఉపన్యాసంలోనా, ఎప్పుడు? అడగడానికి ఎవరూ లేరు.

లారీ కదిలింది. మైదానంలో గోనెపట్టాలు ఒక్కొక్కటే చుట్టేస్తున్నారు. వాళ్ళిద్దరూ కూర్చున్న పట్టా ఒక్కటి మిగిలింది. దాని మీద ఆ సోడా సీసా, సగం కూడా తగ్గకుండా, నిటారుగా నిలబడి ఉంది.